మూడు నూళ్ల నట్టు

అది బండి కాదంట. నాలుగు బండ్ల శవాలు తెచ్చి ఒకటిగా కుట్టిన పీనుగంట. ఎక్కినోడు నడిచి దిగడని దాన్ని కట్టిన ఎజ్రానే ముందు అన్నాడంట. ఈ మాట మేరీ వాళ్ల వదినతో అనింది. ఆ వదిన కొళాయి కాడ పదిమందిలో అనింది. ఆ పదిమందిలో ఒకామె ఎజ్రా పెండ్లాం లూదియా ఇంటికే వచ్చి చెప్పిపోయింది. లూదియా పొద్దన్నే ఆళ్లగడ్డలో మొదటి బస్సెక్కి నంద్యాలకొచ్చి, సుగుణమ్మ వాకిట్లో నిలబడే ఆ మాటలన్నీ కింద పెట్టింది.

"మేరీ యాడ చూసింది బండిని?" అనింది సుగుణమ్మ.

"చూళ్లేదు టీచరమ్మా. వాళ్లింటాయన చూసినాడంట."

"ఆయన యాడ చూసినాడు?"

"ఫోన్లో."

సుగుణమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. నోట్లో ఉన్నది కూడా చేదుగా తగిలింది. చచ్చిన మనిషిని ఫోన్లో తిప్పి చూసి, కొళాయి కాడ బిందెలు నిండేలోపల తీర్పు చెప్పేసే జనం.

ముప్పై ఏళ్లు ఐటీఐలో పిల్లోళ్లకు ఫిట్టరు పని నేర్పి దిగిపోయిన మనిషి ఆమె. ఆడమనిషి ఆకురాయి పట్టుకుంటుందా అని నవ్విన వాళ్ల కొడుకులకే ఆకురాయి పట్టడం నేర్పింది. ఇప్పుడు సొంతంగా ఎంక్వైరీలు చేస్తుంది. ఒక చావులో తప్పు యంత్రానిదా, మనిషిదా అని తేల్చాల్సి వస్తే లాయర్లు ఆమె గుమ్మమే ఎక్కుతారు. ఎజ్రా ఆమె దగ్గర చదివినోడే.

సంగతి ఆమెకు కొంత తెలుసు. కోయిలకుంట్ల పక్క పల్లెలో భూములున్న శేషయ్య కొడుకు వెంకటేష్, ముప్పై రెండేళ్లవాడు, ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభైకి సిరివెళ్ల మెట్ట దాటినాక చచ్చిపోయాడు. రోడ్డు వార నిలిపి ఉన్న బేతంచెర్ల నాపరాళ్ల లారీని వెనక నుంచి జీపుతో గుద్దాడు. టైర్లు రాసుకున్న గీటు రోడ్డు మీద జానెడు కూడా లేదు. అంటే బ్రేకు పడలేదు. ఆ జీపును ఆళ్లగడ్డలో తన ఇంటి ముందరి షెడ్డులో కట్టింది ఎజ్రా. నాలుగు రోజులుగా స్టేషన్లో ఉన్నదీ ఎజ్రానే.

"వాడేం చెప్తాండాడు?"

"'నేనే చేసినా' అంటాండాడు. ఇంకో మాట ల్యా. నేను కూడెత్తుకోని పోతే మొగం పక్కకు తిప్పుకుంటాండాడు." లూదియా కొంగుతో మెడ తుడుచుకుంది. "శేషయ్యప్ప వాళ్లు రాజరత్నం అని డిటెక్టివును పెట్టినారు. కావాలనే చంపినాడని రాపిస్తారంట టీచరమ్మా. అట్ల రాస్తే ఇంక బతికినన్నాళ్లూ లోపలేనంట. పొరపాటంటే ఒగ దోవ, చంపినాడంటే ఒగ దోవ అని లాయరు చెప్పినాడు."

"చంపేంత పగ ఏముండాది?"

"పోట్లాట ఐన మాట నిజమే. ఆ బ్రేకుల కాడనే."

ఆమె చెప్పుకుంటూ పోయింది. సుగుణమ్మ రాసుకుంది. చాసీ వేలంలో కొన్న పాత జీపుది. ఇంజను సరుకుల వ్యానుది. గేరుపెట్టె వేరే కంపెనీ కారుది. స్టీరింగు ఇంకో కంపెనీది. బ్రేకు తొక్కితే ఆయిలును నెట్టే సిలిండరు కొత్త కారుది, చక్రాల దాకా పోయే పైపులు మాత్రం పాత జీపువే. చూడటానికి తాతల నాటిది కావాల, పోవడానికి నిన్న పుట్టింది కావాల. ఒకదానికొకటి పడదప్పా అని ఎజ్రా అంటే, పడేటట్టు చేసేదానికే కదరా నీ దగ్గరికి వచ్చింది అన్నాడంట వెంకటేష్. ఈ బండి నిన్ను తింటాది అని ఎజ్రా అరిచిన మాట టీ అంగడి దాకా వినపడిందంట.

"కాగితాలు?"

"ఎప్పుడో తుక్కుకు పోయిన ఇంకో జీపువి."

చచ్చిన బండి పేరు పెట్టుకుని నాలుగు బండ్ల ఒళ్లు రోడ్డు మీద తిరుగుతూ ఉంది. సుగుణమ్మకు వెంకటేష్ మీద జాలి రావాల్సిన చోట రోత వచ్చింది. ఎజ్రా మీద ఇంకా రోత వచ్చింది. పడదని తెలిసినోడు చెయ్యకుండా ఉండాల.

"షెడ్లో పనోళ్లెంతమంది?"

"ఒగడే. యేసురత్నమన్న."

సుగుణమ్మ ఆ ఒక్క పేరే రాసుకుంది.

*

యేసురత్నం ఆళ్లగడ్డలో లేడు. సోమవారం నుంచి నంద్యాలలోనే ఒక లారీ షెడ్డులో చేరాడు. తొమ్మిదిన్నరకు వాళ్లు పోయేసరికి రాళ్ల లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనపడుతున్నాయి.

"బయటికి రా యేసురత్నం."

"పని మీదుండా."

"నేనూ పని మీదే వచ్చినా."

గొంతు గుర్తుపట్టి పాక్కుంటూ బయటికొచ్చాడు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు. సుగుణమ్మ దగ్గర చదవలేదు గానీ ఆమె దగ్గర చదివినవాళ్లకు పని నేర్పినోడు. లూదియాను చూసి తల దించుకున్నాడు.

"శనివారం యాడుంటివి?"

"యాడుంటా. షెడ్లోనే."

"ఎంతసేపు?"

"మాపటిదాకా. వెంకటేషప్ప వచ్చి బండి తీసకపోయేదాకా."

"మధ్యాన్నం కరెంటు పోయినప్పుడు చీకట్లోనే బిగించినావా బ్రేకు పైపు?"

"ఆ. టార్చి పెట్టుకోని."

"ఎన్నింటికి పోయింది కరెంటు?"

"రెండుకేమో."

"శనివారం ఆళ్లగడ్డలో కరెంటు పోనేలేదు. లూదియాను అడిగే వచ్చినా."

యేసురత్నం చేతిలో పానాను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. లారీ ఓనరు వింటున్నాడేమో అని ఒకసారి వెనక్కి చూశాడు.

"బేతంచెర్లకు పోయినా టీచరమ్మా. ఆడ పాలీషు ఫ్యాక్టరీలో మోటారు పట్టేసింది. మా బావమర్ది పిలిచినాడు. శనివారం పొద్దన్నే బస్సెక్కినా."

"ఎజ్రాకు చెప్పినావా?"

"చెప్తే పంపడు. శుక్రవారం మాపు ఆయన లేతు మీద కూచోని జాయింటు తిప్పినాడు. కొత్త సిలిండరుది ఒగ కొలత, పాత పైపుది ఒగ కొలత. రెండిటికీ నడమ ఏసే ముక్క అది. బల్ల మీద పెట్టి, పొద్దన్నే బిగించు, నేను నంద్యాలకు పోయి బండి పైన కప్పే టాపు గుడ్డ తెస్తా అన్నాడు. సరే అంటి. పోతి."

"అంటే బ్రేకు పైపు నువ్వు ముట్టనేలేదు."

"దేవుడి తోడు, ముట్టల్యా."

"దేవుణ్ణి ఆడనే ఉండనీ. ఫ్యాక్టరీ గేటులో సంతకం పెట్టినావా?"

"పెట్టినా. ఎనిమిదీ యాభైకి."

సుగుణమ్మ అక్కడే నిలబడి ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. వాచ్‌మన్ గేటు పుస్తకం తీసి చదివాడు. శనివారం, యేసురత్నం, లోపలికి ఎనిమిదీ యాభై, బయటికి సాయంత్రం ఆరూ పది. మోటారు విప్పినంతసేపూ తాను పక్కనే ఉన్నానని కూడా చెప్పాడు.

"నాలుగు దినాల నుంచి ఎజ్రా లోపల ఉండాడు," అనింది ఆమె ఫోన్ సంచిలో వేసుకుంటూ. "నువ్వు ఆ పొద్దు లేవని చెప్పేదానికి నీకు నాలుగు దినాలు చాల్లేదా?"

"నేను లేనంటే, పని ఇడిసిపెట్టి పోయినందుకే మనిషి సచ్చినాడంటారు టీచరమ్మా. ఉండానంటే నేనే బిగించినానంటారు. ఏందనల్ల నేను?"

"ఏమీ అనకుండా లారీ కింద దూరినావు."

వాడు మళ్లీ లారీ కింద దూరాడు.

ఆళ్లగడ్డ బస్సులో లూదియా కిటికీ వైపు కూర్చుని ఒక్కటే అడిగింది. "అట్లయితే మా ఆయన బయటికొస్తాడా?"

"యేసురత్నం లేడు. ఎజ్రా నంద్యాలలో ఉండె. పైపు బిగించినోడు మూడోవాడు. వాడెవుడో తేలితే వస్తాడు."

లూదియా తల ఊపింది. ఆళ్లగడ్డ వచ్చేదాకా కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

*

జీపును స్టేషన్ వెనక ఖాళీ జాగాలో పెట్టారు. పన్నెండు నుంచి ఒంటిగంట వరకు రెండు పక్కల వాళ్లూ చూసుకోవచ్చని చెప్పి, ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టారు. వాన పడలేదు, కప్పింది లేదు. నాలుగు రోజుల ఎండకు బండి చేసిన పని ముక్కుకే ముందు తెలిసింది.

సుగుణమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకుంటే బ్రేకాయిలు వాసన తెలియదు.

ముందరి అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోటి నుంచి నాపరాయి పలక లోపలికొచ్చి సీటు వీపును చీల్చింది. పలకను తీసేశారు గానీ దాని తెల్లటి పొడి, నెత్తురూ కలిసి సీటు మీద పిండిలాగా గట్టిపడి ఉంది. దాని మీద ఈగలు లేచి వాలుతున్నాయి. బానెట్టు మీద ఎవరో గుట్కా ఉమ్మారు. పక్క రేకు మీద దుమ్ములో వేలితో ఒక పేరు రాసి గుండె గుర్తు గీశారు.

"ఇది రాసింది ఎవుడప్పా?" అనింది కానిస్టేబుల్‌తో.

"ఫోటోలకు వస్తాండారు మేడం. ఎంతమందిని తరిమేది?"

ఆమె వేలితో పక్క రేకును తట్టింది. మొద్దు శబ్దం వచ్చింది. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు. గోటితో గీకితే పచ్చరంగు పెచ్చు లేచి లోపల ఎర్రటి పొడి రాలింది. బయటికి మిలిటరీ పచ్చ, లోపల కుళ్లు. చాసీకి ఇంజను సరిపోలేదని ఇనుప పట్టీ ముక్కలు వెల్డింగు చేసి జానెడెత్తు లేపారు. వెల్డింగు చీమిడి కారినట్టు కారి ఉంది. గేరుపెట్టె దగ్గర చోటు చాలక నేల రేకును కోసి, కోసిన అంచును మడవకుండా రబ్బరు చాప కప్పారు.

"ఎజ్రా వెల్డింగా ఇది?" అనుకుంది పైకే. "వాడికి ఫస్టు క్లాసిచ్చింది నేనే."

"మీరిచ్చిన ఫస్టు క్లాసు ఇంత దూరం తెచ్చింది సుగుణమ్మ గారూ."

రాజరత్నం వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, ముక్కుకు రెండు మాస్కులు. నంద్యాలలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లలో అందరికంటే పెద్ద బోర్డు అతనిది. లా చదివాడు. బండి కిందికి ఎప్పుడూ వంగి ఎరగడు.

"శేషయ్యప్ప తరఫునా రాజరత్నప్పా?"

"నిజం తరఫున."

"నిజం ఫీజు నీకెట్ల ఇస్తాందో నాకు తెల్దులే. ఏం తేల్చినావ్?"

"తేల్చడం అయిపోయింది. రిపోర్టు కూడా మొన్ననే రాశాను." ఫోన్ తీసి చెయ్యి చాచి పట్టుకున్నాడు. "మీ శిష్యుడి గొంతు. ఎజ్రా ఫోన్ నుంచి షెడ్డు ఫోన్‌కు. శనివారం పదకొండూ ఇరవై. వినండి."

ఎజ్రా గొంతు వచ్చింది. వెనకాల నంద్యాల బజారు హారన్లు. "పైపు మొగదలకు మూడు నూలేసి బిగించు, బేగా. వెంకటేషప్ప నాలుగుకే వస్తాండాడు."

దూరంగా వేపచెట్టు నీడలో కూర్చున్న లూదియా లేచి నిలబడింది. మొగుడి గొంతు విని లేచిందనుకుంది సుగుణమ్మ.

"మూడు నూలు," అన్నాడు రాజరత్నం. "నూలు దారం మూడు చుట్లు చుట్టి బిగించమని. ఇంటి కొళాయి కారుతుంటే చుడతారు చూడండి, అట్లా. నీళ్ల గొట్టానికి చెల్లే పని బ్రేకుకు చెల్లదని అతనికి తెలియదా? ఇరవై ఏళ్ల అనుభవం. పోట్లాటకు సాక్షులున్నారు. ఈ బండి నిన్ను తింటుందన్నాడు, తినేట్టు చేశాడు. ఇది పొరపాటు కాదు. హత్య."

సుగుణమ్మ సంచిలో నుంచి స్కేలు తీసింది. దాని అంచును రాజరత్నం మాస్కు ముందర పెట్టింది.

"అంగుళంలో ఎనిమిదో వంతును ఏమంటారప్పా?"

"ఒకటి బై ఎనిమిది."

"నీ కాలేజీలో. లేతు కాడ నూలంటారు. వడ్రంగి కాడా అంతే, బేల్దారి కాడా అంతే. నాలుగు నూళ్లంటే అరంగుళం. మూడు నూళ్లంటే అరంగుళానికి ఒక నూలు తక్కువ. మూడు నూలేసి బిగించు అంటే, మూడు నూళ్ల మర ఉన్న జాయింటు ఏసి బిగించమని. పాత జీపు పైపు నట్టు కొలత అదే. సిలిండరుదేమో పది మిల్లీమీటర్లు. రెండిటికీ నడమ ఏసేదానికి వాడు శుక్రవారం లేతు మీద ముక్క తిప్పి పెట్టినాడు, చూసినోడుండాడు. వాడు చెప్పింది రైటు. నువ్వు రాసిందే దారం."

కానిస్టేబుల్ దగ్గినట్టు చేసి నవ్వు దాచుకున్నాడు.

"ఈ మాట మీ ఊహ అయితే?" అన్నాడు రాజరత్నం.

"ఊహ కాదు. భిన్నాలు తలకెక్కని పిల్లోళ్లకు నూళ్ల లెక్కతో నేర్పింది నేనే. ఎజ్రా ఆ బెంచీల్లోనే కూచుండె."

"అయితే నట్టు విప్పండి. జాయింటు ఉంటే నా రిపోర్టు చించేస్తాను."

బానెట్టు సగం విరిగి లేచే ఉంది. సుగుణమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని ఇంజను మీదికి వంగింది. సిలిండరుకు రెండు నోళ్లు ఉండాలి, ముందర చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి. ఒకటి తప్పినా ఇంకొకటి బండిని ఆపుతుంది. ఇక్కడ ఒక నోట్లో బోల్టు కుక్కి మూసేశారు.

"ఇదేంది మేడం?" అన్నాడు కానిస్టేబుల్.

"పాత జీపులో ఒగటే పైపు. రెండు పైపులు కనపడితే పాత అందం పోతాదని మూపించినాడు ఆ సచ్చిన పెద్దమనిషి. మూసినాడు ఈ లోపలుండే పెద్దమనిషి." ఆమె నోట్లో ఊరిన నీళ్లను పక్కకు ఉమ్మింది. గుట్కా మరక మీద పడకుండా చూసుకుని ఉమ్మింది.

మిగిలిన ఒక్క నోటి దగ్గర పైపు నట్టు పక్కకు వాలి ఉంది. పానా అక్కర్లేకపోయింది. రెండు వేళ్లతో పట్టి లాగితే వచ్చేసింది. నడుమ జాయింటు లేదు.

నట్టు మర మీద దారం ఉంది.

తెల్లటి నూలు దారం. నూనెకు నాని జిగురై, మరల సందుల్లో కూరుకుపోయి ఉంది. సుగుణమ్మ పిన్నీసుతో కొస పట్టి మెల్లగా విప్పింది. ఒక చుట్టు. రెండు. మూడు. నాలుగోది లేదు.

"మూడు," అన్నాడు రాజరత్నం. గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని లేదు.

సుగుణమ్మ స్కేలు ఆనించి చూసింది. నట్టు మూడు నూళ్లే. మిల్లీమీటర్లలో తొమ్మిదిన్నర. పది మిల్లీమీటర్ల బొక్కలో తొమ్మిదిన్నర నట్టు. మరల మధ్య ఎడం కూడా ఇంచుమించు ఒకటే. కాబట్టి తిప్పితే ఎక్కుతుంది. కాస్త వదులుగా ఆడుతుంది. ఆ వదులును దారం మింగేసింది. చేతికి బిగుతుగా తగిలింది. మెల్లగా తొక్కినంతసేపు నిలిచింది. ఆదివారం ముందర లారీ కనపడి బలంగా తొక్కేసరికి సిలిండరు మరల కొసలు తెగి నట్టు ఊడి బయటికొచ్చింది. అంతే. పది సెకన్ల పని.

"మొన్న రాసినావు రిపోర్టు," అనింది ఆమె తల ఎత్తకుండానే. "ఈ నట్టు ఇప్పుడు విప్పుతాండా. దారం ఉండాదని మొన్ననే ఎట్ల తెలిసింది నీకు?"

"మెసేజులో విన్నాను."

"విని, రాసినావు. రాసినాక, రాసింది లేకపోతే బాగుండదని వచ్చి చుట్టినావేమో."

రాజరత్నం రెండు మాస్కులూ గడ్డం కిందికి లాగాడు. "మాట జాగ్రత్త సుగుణమ్మ గారూ. నేను ఫీజు తీసుకుంటాను. దొంగ సాక్ష్యం పుట్టించను. అనుమానముంటే ఆ దారాన్నే అడగండి, మీకు వచ్చిన విద్యే కదా."

అడిగింది. దారాన్ని వేళ్ల మధ్య నలిపింది. పీచు పీచుగా విడిపోయింది. ఒత్తిడితో ఆయిలు లోపలికి ఎక్కితే తప్ప అట్లా నానదు. పైన పూస్తే పైనే ఉంటుంది. నట్టు కింది రేకు మీద కారిన చోటల్లా రంగు ఉడికి బొబ్బలెత్తి ఉంది. బొబ్బల అంచుల్లో నాలుగు రోజుల దుమ్ము. దారం నట్టుతో పాటే లోపల ఉంది, బండి నడిచినప్పుడే ఉంది.

"తప్పు నాది," అనింది. "నువ్వు చుట్టింది కాదు."

"థాంక్సండీ."

"ఊరికే ఉండు. ఎజ్రా కూడా కాదు."

"అతను ఒప్పుకున్నాడు కదా."

"ఎప్పుడు ఒప్పుకున్నాడు?" ఆమె కానిస్టేబుల్ వైపు తిరిగింది. "బండిని చూడకముందా, చూసినాకనా?"

కానిస్టేబుల్ గుర్తు చేసుకున్నాడు. "ఆదివారం పదకొండుకు మెట్ట కాడికి పరిగెత్తుకుంటా వచ్చినాడు మేడం. నా బ్రేకు పోదు, పోయే పనే ల్యా అని అరుస్తాండె. తల ఈడ్నే, ఈ ఇంజన్లో పెట్టి చూసినాడు. చూసి పక్కకు పోయి కక్కినాడు. మొగం తుడుచుకోని వచ్చి, నేనే చేసినా రాసుకోండి అన్నాడు. అంతే, అప్పుట్నుంచి అదే మాట."

సుగుణమ్మ నట్టును కాగితంలో చుట్టి కానిస్టేబుల్ చేతికిచ్చింది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతికింది. లూదియా దగ్గరికొచ్చి నిలబడి ఉంది, కానిస్టేబుల్ చేతిలోని కాగితం వైపే చూస్తూ. ఆమె కొంగే దగ్గర ఉంది గానీ సుగుణమ్మ ఎండుగడ్డి పీకి తుడుచుకుంది.

"వాడు చూసింది ఈ దారాన్నే. చూసినాక ఎవురో తెలిసిపోయింది. వాళ్ల కోసం నోరు మూసుకోని కూచున్నాడు."

"యేసురత్నం కోసం," అన్నాడు రాజరత్నం.

"యేసురత్నం ఆ పొద్దు బేతంచెర్లలో ఉండె. గేటు పుస్తకముండాది, పక్కన నిలబడినోడుండాడు. ఉండినా వాడు చుట్టడు. ఇరవై రెండేళ్లు లేతు పక్కన బతికినోడికి నూలంటే కొలతే. నిద్దర్లో లేపి చెప్పినా మూడు నూళ్ల జాయింటే ఎత్తుకుంటాడు. పనోడెవుడూ ఈ తప్పు చెయ్యడు. చెయ్యాలనుకున్నా చెయ్యలేడు."

"అది నాకు సాయం చేసే మాట. పనివాడు కానివాళ్లనే వెతకాలి," అన్నాడు రాజరత్నం నిదానంగా. అతని ముఖంలో మొదటిసారి బోర్డు మీద లేని మనిషి కనపడ్డాడు. "పదకొండూ ఇరవైకి మెసేజు షెడ్డు ఫోన్‌కు చేరింది. తెరిచి విన్నట్టు గుర్తు కూడా పడింది, పదకొండూ ఇరవై రెండుకు. ఎజ్రా నంద్యాలలో. పనివాడు బేతంచెర్లలో. ఫోన్ ఎవరి చేతిలో ఉంది?"

సుగుణమ్మ నాలుగు బండ్ల కుళ్లును, గుట్కా మరకను, ఈగలను, సీటు మీది తెల్లటి పిండిని ఒక్కసారి చూసింది. ఆ రోతంతా మాటై బయటికొచ్చింది.

"అదే కదప్పా నేను అడిగేది. బల్ల మీద జాయింటు కండ్లకు కొట్టినట్టు ఉండంగా, దాన్నొదిలేసి, బ్రేకు నట్టుకు దారం చుట్టే పశువు ఎవురుండారు ఆ షెడ్లో? నూలంటే కొలతని గూడ తెలియకుండా మనిషి ప్రాణం మీద చెయ్యేసేది ఎవురు?"

"నేనే టీచరమ్మా," అనింది లూదియా. "అది కొలతని నాకెవురు చెప్పినారు?"